పాట అయ్యేసరికి కథ ఎక్కడుంది? సెలవుల్లో వచ్చిన యానిమేషన్ మ్యూజికల్‌ని అంచనా వేయడం ఎలా

మూడో పాట మొదలవగానే మా ఆరేళ్ల మేనకోడలు నా చెవిలో "అత్తా, బాత్రూమ్" అంది. చీకట్లో నలుగురి మోకాళ్లు తప్పించుకుంటూ బయటికెళ్లి, చేతులు కడిగించి, మళ్లీ అవే మోకాళ్లు దాటుకుంటూ వచ్చి కూర్చునేసరికి తెర మీద అందరూ ఆఖరి స్టెప్పులో చేతులు పైకెత్తి నిలబడి ఉన్నారు. "ఏమైంది?" అని తమ్ముణ్ణి అడిగాను. "ఏం లేదు, పాట అయింది" అన్నాడు.

ఆ సినిమా మీద నేను తర్వాత చాలా రాసుకున్నాను కానీ, వాడు అన్న ఆ నాలుగు ముక్కలకన్నా గొప్ప విమర్శ అందులో లేదు. నాలుగు నిమిషాల పాట. లక్షకు పైగా ఫ్రేములున్న సినిమాలో ఎంతోమంది నెలల తరబడి కూర్చుని చేసిన భాగం. అది చూడకపోయినా కథలో ఏమీ పోలేదు.

సెలవుల్లో హాలు నుంచి బయటికొచ్చేవాళ్ల ముఖాల్లో ఎలాగూ కాస్త వెలుగుంటుంది. స్కూలు లేదు, ఆఫీసు లేదు, ఇంటిల్లిపాదీ కలిసి వచ్చారు. ఆ సంతోషం సినిమా ఇచ్చిందా, సెలవు ఇచ్చిందా అన్నది అక్కడికక్కడే తేలదు. అందుకే ఈ సినిమాల మీద "పిల్లలకి బాగా నచ్చింది" అనో, "పాత వాటిలా లేదు" అనో రెండే మాటలు వినిపిస్తాయి. మీరు రివ్యూ రాయాలనుకున్నా, "పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?" అని అడిగిన అక్కకి జవాబు చెప్పాలన్నా ఆ రెండూ పనికిరావు. నేను పాటించే పద్ధతి చెప్తాను. దీనికి సంగీతం తెలిసుండక్కర్లేదు. రాగాలు గుర్తుపట్టడం నాకూ రాదు.

వెళ్లే ముందు

ట్రైలర్ ఒక్కసారి చూస్తే చాలు. దాన్ని బట్టి పాటల సంగతి తెలియదు. మ్యూజికల్, అంటే పాటలతో కథ నడిచే సినిమా, అని తెలిస్తే కొంతమంది రారేమో అన్న భయంతో, ఎవరూ నోరు విప్పి పాడకుండా ట్రైలర్ కట్ చేయడం స్టూడియోలకు మామూలే. ఒక జోకు, ఒక ఛేజింగ్, ముద్దొచ్చే జంతువు ఒకటి కనిపిస్తాయి. తీరా హాల్లో కూర్చున్నాక ఏడు పాటలు.

పాటలు ముందే విడుదలై ఉంటే మాత్రం వినకండి. ఇంట్లో పిల్లలుంటే ఇది కష్టమే, ఒప్పుకుంటాను. పదిసార్లు విన్న పాట తెర మీదికి వచ్చేసరికి మన చుట్టంలా అనిపిస్తుంది. అలవాటైపోయిన దాన్ని బాగున్న దాని కింద లెక్కేసుకుంటాం.

ఇక అంకెలు. రివ్యూలన్నీ పోగేసే రాటెన్ టొమాటోస్ సైటులో 90 శాతం కనిపిస్తే పదికి తొమ్మిది మార్కులు వచ్చాయని చాలామంది అనుకుంటారు. అది మార్కుల సగటు కాదు. రివ్యూ రాసినవాళ్లలో నూటికి 90 మంది మొత్తం మీద బాగుందనే వైపు ఉన్నారని మాత్రమే. అందరూ "పర్వాలేదు, చూడొచ్చు" అన్న సినిమాకి కూడా 90 రావచ్చు. సినిమాస్కోర్ గ్రేడ్ అయితే అమెరికాలో విడుదల రోజు సినిమా చూసినవాళ్లని అడిగి ఇచ్చేది. విడుదల రోజే పరిగెత్తుకెళ్లేవాళ్లు ఇష్టంతో వెళ్లేవాళ్లే కదా, గ్రేడ్ కొంచెం పైకే ఉంటుంది.

మొదటి వారం కలెక్షన్లని అసలు పట్టించుకోకండి. 2017 డిసెంబరులో వచ్చిన ది గ్రేటెస్ట్ షోమ్యాన్ యానిమేషన్ కాదు గానీ, సెలవుల మ్యూజికలే. అమెరికాలో మొదటి వారాంతంలో దానికి 90 లక్షల డాలర్లు కూడా రాలేదు. చివరికి అక్కడే 17 కోట్ల డాలర్లు దాటింది. సెలవుల సినిమాకి మాట నెమ్మదిగా పాకుతుంది.

హాల్లో: ఒక్కో పాటకి రెండు ముక్కలు

చిన్న నోట్‌బుక్, పెన్ను తీసుకెళ్లండి. ఫోన్ వద్దు, వెనకవాళ్ల కళ్లలో వెలుగు పడుతుంది. చీకట్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, పడనివ్వండి. పాట మొదలైనప్పుడు కథ ఎక్కడుందో ఒక ముక్క, పాట అయిపోయాక ఎక్కడుందో ఇంకో ముక్క. అంతే రాయాలి.

ఉదాహరణకి నా నోట్‌బుక్‌లో ఇలా ఉంటుంది: "పాట 1. ముందు: ఊరు దాటొద్దంది నాన్నమ్మ. తర్వాత: గోడ ఎక్కింది." బాగుంది, కదిలింది. "పాట 3. ముందు: సంతకి వచ్చారు. తర్వాత: సంతలో ఉన్నారు." మా మేనకోడలితో బయటికెళ్లిన పాట అదే. రెండో ముక్క తమ్ముణ్ణి అడిగి నింపాను.

కదలడం అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడమే కానక్కర్లేదు. ఒక నిర్ణయం తీసుకోవచ్చు, ఒక అబద్ధం బయటపడొచ్చు, ఇద్దరి మధ్య మాటలు ఆగిపోవచ్చు. పాడే మనిషి పాట ముందు నమ్మినదాన్ని పాట చివర నమ్మకపోవచ్చు. మాటల్లో చెప్పలేనంతగా మనసు నిండినప్పుడు పాట రావాలన్నది ఈ రకం సినిమాల్లో మొదటి సూత్రం. "మా ఊరు ఎంత అందంగా ఉందో" అని నాలుగు నిమిషాలు పాడితే, అది కెమెరా ఒక్కసారి తిరిగితే అయిపోయే పని.

పాట కథని ఎంత దూరం లాగగలదో తెలియాలంటే ఫ్రోజెన్ (2013) సంగతి చూడండి. అందులో ఎల్సా అనే ముఖ్యపాత్రని మొదట విలన్‌గా అనుకున్నారు. క్రిస్టెన్ యాండర్సన్-లోపెజ్, రాబర్ట్ లోపెజ్ దంపతులు ఆమె కోసం "లెట్ ఇట్ గో" రాసిచ్చాక, ఇలా పాడే పిల్ల విలన్ ఎలా అవుతుందని కథనే తిరగరాశారు. పాట వల్ల సినిమా మొత్తం పక్కకి తిరిగింది. మీరు చూస్తున్న సినిమాలో ఏ పాటకైనా ఆ బలం ఉందా? ఒక్క పాటకి ఉన్నా మంచి మార్కులే వేయొచ్చు. ఒక్కదానికీ లేకపోతే, ట్యూన్లు ఎంత బాగున్నా అది పాటలు అతికించిన సినిమా, అంతే.

ఏడు పాటలకి ఏడూ కదలాలని నేను పట్టుబట్టను. ఊపిరి తీసుకోవడానికి ఒక అల్లరి పాట ఉంటే మంచిదే. నాలుగు ఉంటేనే గొడవ.

మొదటి పావుగంటలో ఒక పాట

దీని మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. ముఖ్యపాత్ర తనకేం కావాలో చెప్పుకునే పాట ఇది. నేను కోరిక పాట అంటాను. రంగస్థల మ్యూజికల్స్‌లో ఇది పాత పద్ధతి. గేయ రచయిత హోవర్డ్ యాష్‌మన్, సంగీత దర్శకుడు అలన్ మెన్కెన్ 1989లో ది లిటిల్ మెర్మెయిడ్‌తో దాన్ని యానిమేషన్‌లో గట్టిగా నాటారు. ఇప్పుడు ప్రతివాళ్లూ అదే దారిలో వెళ్తున్నారు.

కోరిక ఎంత స్పష్టంగా ఉందో చూడండి. "నాకు ఇంకేదో కావాలి, దూరంగా ఏదో పిలుస్తోంది" అని పాడితే నేను నోట్‌బుక్‌లో సున్నా చుడతాను. ఏదో అంటే ఏది? చేత్తో పట్టుకోగలిగేంత చిన్న కోరికైతే మేలు. ఒక తాళం, ఒక పడవ, అమ్మ ఒక్కసారి తనవైపు చూడటం. చివర్లో ఆ కోరిక తీరిందా, మారిందా, వదులుకుందా అని సరిచూడాలంటే మొదట్లో అది ఏమిటో తెలియాలి. రివ్యూ రాసేటప్పుడు కోరికని ఒక్క వాక్యంలో రాయడానికి ప్రయత్నించండి. రాకపోతే లోపం మీది కాదు.

ఇదే ట్యూన్ సినిమా రెండో సగంలో మళ్లీ వస్తుంది, సాధారణంగా చిన్నగా, నెమ్మదిగా. అప్పుడు మాటలు వినండి. అవే మాటలకి ఇప్పుడు వేరే అర్థం వస్తే రాసినవాళ్లకి పని తెలుసు. ఉత్తినే ఏడిపించడానికి పియానో మీద మళ్లీ వాయిస్తే తెలియదు.

నోరు కాదు, ఊపిరి చూడండి

యానిమేషన్‌లో గొంతు ముందు, బొమ్మ తర్వాత. పాట రికార్డయ్యాక, పాడుతున్నప్పుడు తీసిన వీడియో పక్కన పెట్టుకుని యానిమేటర్లు పాత్రని కదిలిస్తారు. పెదాలు మాటకి సరిపోవడం ఈ రోజుల్లో పెద్ద విషయం కాదు, చాలామంది చేసేస్తున్నారు. మీరు చూడాల్సింది పాట లైనుకి ముందు వచ్చే క్షణం.

మనిషి పెద్ద స్వరం ఎత్తుకునే ముందు గాలి లోపలికి పీలుస్తాడు. భుజాలు కాస్త లేస్తాయి, మెడ దగ్గర నరం బిగుస్తుంది, కళ్లు ఒక్క క్షణం ఎటో పోతాయి. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి పావు సెకను ఊపిరి అంటే ఆరు ఫ్రేములు. ఆ ఆరు ఫ్రేముల్లో శ్రద్ధ ఉన్న సినిమా మిగతా చోట్ల కూడా శ్రద్ధగానే ఉంటుంది, నా అనుభవంలో ఇది పెద్దగా తప్పలేదు. ఊపిరి లేకుండా నోరు మాత్రం తెరుచుకుని మూసుకుంటుంటే, ఆ గొంతు ఆ ఒంట్లోంచి రావట్లేదని మనకి తెలియకుండానే అనిపిస్తుంది. "ఎందుకో మనసుకి తగల్లేదు" అనేవాళ్లకి కారణం చాలాసార్లు ఇదే.

మాట్లాడే గొంతు, పాడే గొంతు ఇద్దరివి కావచ్చు. అందులో తప్పేమీ లేదు. 1992 నాటి అలాద్దీన్‌లో అలాద్దీన్ మాటలు స్కాట్ వైంగర్‌వి, పాటలు బ్రాడ్ కేన్‌వి. మాట నుంచి పాటలోకి దిగే చోట అతుకు కనిపిస్తోందా అన్నదే ప్రశ్న. పేరున్న నటులతో పాడించినప్పుడు ఇంకో తంటా ఉంటుంది. గొంతు పలకని చోట వాద్యాల హోరు పెంచి కప్పేస్తారు. అలాంటి చోట పాటలో మాటలు వినపడవు, కథ అక్కడే జారిపోతుంది.

గుంపు డాన్సుల్లో మధ్యలో ఉన్న హీరోయిన్ని వదిలేసి తెర అంచుల్లో ఉన్నవాళ్లని ఒక్కసారి చూడండి. అందరూ ఒకే ముఖంతో, ఒకే క్షణంలో నవ్వుతుంటే గమనించి పెట్టుకోండి. దీనికి ఎక్కువ మార్కులు తీసేయకండి గానీ.

డబ్బింగ్‌లో చూస్తే

పిల్లలతో వెళ్తే ఎక్కువగా తెలుగులోనే చూస్తాం కాబట్టి దీన్ని విడిగా తూచాలి. డబ్బింగ్ బాగాలేదని సినిమాని తిట్టడం, డబ్బింగ్ బాగుందని సినిమాని పొగడటం రెండూ జరుగుతుంటాయి.

ఇంగ్లీషులో ఒక్క అక్షరమంత పొట్టి మాట తెలుగులో మూడు నాలుగు అక్షరాలవుతుంది. ట్యూన్ మాత్రం సాగదు. దాంతో అనువదించే రచయిత అర్థం తగ్గించుకోవాలి, లేదా మాటలు కుక్కాలి. కుక్కిన పాట వినగానే తెలుస్తుంది, పాడేవాళ్లు ఊపిరాడక పరిగెత్తుతుంటారు. మాటల్ని నమిలి మింగించకుండా, అర్థంలో సగం వదిలేసి మిగతా సగం హాయిగా పలికించిన రచయితకే నేను ఓటేస్తాను.

మనకి ఒక వరం కూడా ఉంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, పొడుగు స్వరాలకి అది చక్కగా అమరుతుంది. చిక్కల్లా సున్నాతో. క్లోజప్‌లో పాత్ర నోరు బార్లా తెరిచి ఆఖరి స్వరాన్ని సాగదీస్తుంటే, కింద తెలుగులో "ప్రాణం" అని పడిందనుకోండి. సున్నా పలకాలంటే పెదాలు కలవాలి, తెర మీద నోరేమో తెరిచే ఉంది. అదే చోట "ఆశ" అనో, "రావా" అనో వేస్తే అతుకు కనపడదు. ప, బ, మ అక్షరాలు వచ్చే చోట పెదాలు చూడండి. రెండు పాటల్లో చూస్తే డబ్బింగ్ ఎంత ఓపిగ్గా చేశారో తెలిసిపోతుంది. అసలు భాషలో ఒక పాట తర్వాత విని పోల్చుకోండి. సినిమాలోని లోపమా, డబ్బింగ్‌దా అప్పుడు తేలుతుంది.

పక్క సీట్లో ఉన్న పిల్లలు

పిల్లలు కదిలితే సినిమా పోయినట్టే అనుకోకండి. ది లిటిల్ మెర్మెయిడ్ తయారీలో ఉండగా ఒక టెస్ట్ షో వేస్తే, కోరిక పాట దగ్గర పిల్లలు స్థిమితంగా కూర్చోలేదు. అది చూసి స్టూడియో పెద్ద జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ ఆ పాటే తీసేద్దామన్నాడు. అప్పటికి ఆ పాట యానిమేషన్ పూర్తి కాలేదు. తీయొద్దని మిగతావాళ్లు పట్టుబట్టారు కాబట్టి మిగిలింది. ఆ సినిమా పేరు చెప్పగానే ఇవాళ చాలామందికి గుర్తొచ్చే పాట అదే.

కదలడంలో రకాలున్నాయి. ముందు సీటుని కాలితో తన్నడం విసుగు. సీట్లో పైకి లేచి మోకాళ్ల మీద కూర్చోవడం ఆసక్తి. "ఇంకా ఎంతసేపు?" అన్నది ఒకటైతే, "ఇప్పుడేమవుతుంది?" అన్నది దానికి పూర్తిగా ఎదురు. ఒక్క పిల్లని చూసి నిర్ణయించకండి. వరసలో నలుగురు ఒకేసారి నీళ్ల సీసా అడిగితే అప్పుడు టైమ్ రాసిపెట్టుకోండి, అక్కడ కథని కచ్చితంగా సాగదీస్తున్నారు.

బయటికొచ్చాక "బాగుందా?" అని అడగకండి. బాగుందనే అంటారు, మళ్లీ తీసుకురారేమో అని భయం. "ఆ పాప ఎందుకు కోప్పడింది?" అని అడగండి. ఆరేడేళ్ల పిల్లలు కారణం చెప్పగలిగితే కథ చేరింది. మూడు నాలుగేళ్ల వాళ్లకి కథ అక్కర్లేదు, భయపడ్డారా అన్నదే ముఖ్యం. అమ్మ చనిపోయే సీన్, హఠాత్తుగా పెద్ద చప్పుడు, టపటపా కొట్టుకునే లైట్లు ఉంటే రివ్యూలో ముందే చెప్పేయండి. తల్లిదండ్రులకి మీ నుంచి కావాల్సిన అసలు సమాచారం అదే. మెరుపుల్లాంటి లైట్లు పడనివాళ్లు కూడా ఉంటారు.

పదేళ్లు దాటినవాళ్లు పాట రాగానే తల పట్టుకుంటారు. అది వయసు.

సెలవు మార్కులు తీసేయడం

మంచు, దీపాలు, చివర్లో ఇంటిల్లిపాదీ కావలించుకోవడం. వీటికి మనసు దానంతటదే కరుగుతుంది. ఇంటికొచ్చాక ఒక పని చేయండి. అదే సినిమాని మండుటెండల్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం, పక్కన ఎవరూ లేకుండా చూశామనుకోండి. ఏ సీన్ అప్పటికీ నిలబడుతుంది?

ముఖ్యంగా ఆఖరి రాజీ. తప్పు చేసిన పెద్దవాళ్లు దాన్ని దిద్దుకోవడానికి ఏదైనా చేశారా, పాట ఊపులో అందరూ క్షమించేశారా? ఈ మధ్య ఈ తరహా సినిమాల్లో విలన్ బదులు ఇంట్లోవాళ్ల పంతమే అడ్డంకిగా ఉంటోంది. నాకు అది నచ్చుతుంది. కాకపోతే పంతం విడవడానికి కారణం చూపించాలి. మూడు నిమిషాల కోరస్ కారణం కాదు.

ఇంకోటి, పాతవాటితో పోల్చేటప్పుడు జాగ్రత్త. చిన్నప్పటి పది సినిమాల్లోంచి మూడు పాటలే మనకి గుర్తున్నాయి. ఆ మూడింటినీ తెచ్చి కొత్త సినిమాలోని ఏడు పాటల పక్కన పెడతాం. ఇది సమానమైన పోటీ కాదు.

రెండు రోజులు ఆగండి

తొందరపడి అదే రాత్రి రాసేయకండి. ఎన్కాంటో 2021 నవంబరులో హాళ్లలోకి వచ్చింది, డిసెంబరు 24న ఓటీటీకి చేరింది. అందులోని "వి డోంట్ టాక్ అబౌట్ బ్రూనో" ఇళ్లలో మోగీ మోగీ 2022 ఫిబ్రవరిలో అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి ఎక్కింది. ఆస్కార్‌కి స్టూడియో పంపిన పాట మాత్రం వేరే. తీసినవాళ్లకే ఏ పాట నిలుస్తుందో ముందు తెలియలేదు.

రాసేటప్పుడు నక్షత్రాలు ఇవ్వడం నాకిష్టం లేదు. ఎన్నేళ్ల పిల్లలకి సరిపోతుంది, ఏ పాట కోసం వెళ్లొచ్చు, ఎక్కడ సాగదీతగా ఉంటుంది, హాల్లోనే చూడాలా ఇంట్లో చూసినా చాలా అన్నవి రాయండి. కథ ముగింపు చెప్పకండి.

మొదట్లో చెప్పిన సినిమాకి వస్తే, హీరోయిన్ కొండ మీద నిలబడి పాడిన పాట దగ్గర నేను పెద్ద టిక్కు పెట్టుకున్నాను. అందులో ఒక మేక పాట కూడా ఉంది, దాని పక్కన "ఉత్త కామెడీ" అని రాశాను. మూడో రోజు పొద్దున బాత్రూమ్‌లోంచి మేనకోడలు పాడుతున్న పాట వినపడింది. సగం మాటలు తప్పు, ట్యూన్ మాత్రం మేకదే. మధ్యలో ఠక్కున ఆపి, "అత్తా, ఇక్కడే మేక అబద్ధం చెప్తుంది. తాళంచెవి దాని దగ్గరే ఉంది!" అని అరిచి మళ్లీ మొదటినుంచి అందుకుంది. నోట్‌బుక్ తీసి "ఉత్త కామెడీ" కొట్టేశాను.